వెయ్యి కాదు, మూడు వేలు

కార్మికుల షెడ్డు, మూడో గేటు
ఫిబ్రవరి 9

అక్కా,

ఈ ఉత్తరం స్కూలు చిరునామాకి పంపుతున్నాను. ఇంటికి రాస్తే నీకంటే ముందు బావ చింపి చదువుతాడు. ఫోను చేస్తే స్పీకరు పెట్టమంటాడు. నువ్వొక్కదానివే చదవాలి. చదివి నవ్వాలి.

ముందు నా బిరుదు సంగతి విను. ఈ అణు విద్యుత్ కేంద్రంలో నన్నెవరూ పేరు పెట్టి పిలవరు. "గంటకెయ్యీ, ఆ పానా ఇటు విసురు." "గంటకెయ్యీ, టీ తాగావా?" గేటు కాపలావాడైతే లేచి నిలబడి మరీ, "గంటకెయ్యి గారు వేంచేశారు" అంటాడు. ఈ పేరు పుట్టిన చోటు నీకు తెలుసు. మీ భోజనాల బల్ల. ఉద్యోగం పరీక్షలో "ఈ రియాక్టరు శక్తి ఎంత?" అని అడిగితే నేను "గంటకి వెయ్యి మెగావాట్లు" అన్నాను. మెగావాటు అంటేనే వేగం లాంటిదనీ, దానికి మళ్ళీ "గంటకి" తగిలించడం తలమీద తలపాగా, దానిమీద టోపీ లాంటిదనీ అప్పటికి నాకెవరూ చెప్పలేదు. ఆ ముక్క బావ ఎనిమిది మంది ఆఫీసు అతిథుల ముందు కూర గరిటె ఊపుతూ చెప్పాడు. "మా బావమరిది లెక్కలో రెండు గంటలాగితే రెండువేల మెగావాట్లవుతుందండీ!" ఎనిమిది మందీ నవ్వారు. తొమ్మిదోదానివి నువ్వు.

అప్పటినుంచి ఏడాదిగా ప్రతి ఆదివారం క్యాంటీను వెనక మెట్ల మీద కూర్చుని చదివాను. పాత సామాను గదిలో దొరికిన శిక్షణ పుస్తకం. మొదటి నలభై పేజీలు లేవు. అందుకే నాకు ముందుమాటలు తెలియవు, లెక్కలు తెలుసు. మెగావాటు నడిచే వేగం. మెగావాట్-అవర్ నడిచిన దూరం. ఇంధనం ఎంత కాలిందో టన్నుకి ఇన్ని మెగావాట్-రోజులని రాస్తారు. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఇక అసలు సంగతి. మా బోర్డు మీద వెయ్యి మెగావాట్లని రాసి ఉంటుంది కదా, అది బయటికొచ్చే కరెంటు. లోపల పుట్టే వేడి మూడు వేల మెగావాట్లు. మిగతా రెండు వేలూ సముద్రం పాలు. రియాక్టరు ఆపేశాక కూడా ఇంధనం చల్లారదు, కొంత వేడి పుడుతూనే ఉంటుంది. అయిదో రోజుకి మొత్తం వేడిలో మూడు వందల వంతుల్లో ఒక వంతు. అంటే పది మెగావాట్లు. ఇళ్ళల్లో నీళ్ళు కాచుకునే హీటర్లు పది వేలు ఒకే తొట్టిలో పడేసినట్టు.

రియాక్టరు ఆపాక ఇంధనాన్ని దించి ఉంచే మా తొట్టిలో వెయ్యి టన్నుల నీళ్ళుంటాయి. ఆ నీళ్ళని చల్లబరిచే పంపు ఆగితే ఎన్ని గంటల్లో మరుగుతాయో చెప్పే కార్డొకటి తొట్టి హాలు గోడకి కొట్టారు. ఇక్కడ పెద్ద ఇంజనీరు ఆయనే కాబట్టి లెక్క బావది, సంతకం బావది. అయిదో రోజుకి ఇరవై రెండు గంటలని ఉంది.

ఇరవై రెండు కాదక్కా. ఏడున్నర. మీ మహా మేధావి ఆ వంతుని మూడు వేల మీద కట్టకుండా బోర్డు చూసి వెయ్యి మీద కట్టాడు. చెరుకు రసం తూచి దాన్నే చెరుకు బరువు అన్నాడు. నాలుగుసార్లు లెక్క కట్టి చూశాను. నాలుగుసార్లూ నవ్వాను.

ఏప్రిల్ రెండున తనిఖీ బృందం వస్తుంది. బావ ఆ కార్డు పక్కనే నిలబడి వాళ్ళకి పాఠం చెప్తాడు. కార్మికుల తరఫున ఒకడు ఒక ప్రశ్న అడగొచ్చట. నా పేరు ఇచ్చేశాను. రియాక్టరు ఆపేది ఏప్రిల్ ఇరవైన. ఈలోపు ఆ కార్డుతో ఎవరికీ పని లేదు. కాబట్టి నీతి బోధించకు.

నీ తమ్ముడు

*

స్టాఫ్ రూము, బాలికల పాఠశాల
ఫిబ్రవరి 16

ఒరేయ్ కోపిష్టీ,

నీ ఉత్తరం ఏడో తరగతి జవాబు పత్రాల కింద పెట్టుకుని చదివాను. పక్క కుర్చీలో సైన్సు టీచరు "ఏమిటి మేడమ్, అంత ముసిముసిగా?" అంది. అంటే నవ్వానన్నమాట. నీ కోరిక తీరింది.

ఇప్పుడు అక్కలా మాట్లాడతాను. నువ్వు చెప్పింది నాకర్థమైంది. అందుకే భయమేసింది. కార్డు తప్పని తెలిసినవాడు చెయ్యాల్సిన మొదటి పని కార్డు మార్పించడం. నీకు లెక్క ముఖ్యమా, చప్పట్లు ముఖ్యమా? మీ బావకి రెండు ముక్కలు రాసి పడెయ్యి. "అయ్యా, ఇక్కడ మూడు వేలు వెయ్యాలి" అని. ఆయన మండిపడతారు, తర్వాత దిద్దుతారు. ఏప్రిల్ ఇరవై దాకా ఎవరికీ పనిలేదంటున్నావు. యంత్రాలు నీ క్యాలెండరు చూసి పాడవుతాయా?

నవ్వానన్నావు ఆ రోజు. నవ్వాను. ఆ ఇంట్లో నవ్వకపోతే ఏమవుతుందో నువ్వు ఒక పూట అతిథివి, నీకు తెలియదు.

నువ్వు రాయకపోతే నేనే చెబుతాను.

అక్క

*

కార్మికుల షెడ్డు
ఫిబ్రవరి 22

అక్కా,

చెప్పుకో. పరిగెత్తుకెళ్ళి చెప్పు. ఏమంటాడో నేను ముందే రాసిస్తాను: "గంటకెయ్యి గాడు నాకు లెక్కలు నేర్పుతున్నాడా?" అంటాడు. తర్వాత గదిలోకెళ్ళి తలుపేసుకుని, దిద్దుకుని, తనే కనిపెట్టినట్టు కొత్త కార్డు పంపుతాడు. నా ఏడాది ఆదివారాలు ఆయనగారి జేబులోకి పోతాయి. నీకేం, నీకలవాటే. నీ పాఠాల కాగితాలు ఆయన ఎర్ర సిరాతో దిద్దుతుంటే పక్కన చేతులు కట్టుకుని నిలబడటం నేను చూశాను. నీకు సిగ్గు చచ్చిపోయింది. నాది ఇంకా చావలేదు.

ఇక్కడ అందరూ ఆ కార్డుని దేవుడి పటంలా చూస్తారు. మా మేస్త్రీ అయితే మరీను. ముప్ఫై ఏళ్ళుగా పంపులు విప్పి బిగించిన మనిషి. నాకు పానా పట్టడం నేర్పింది ఆయనే, చేతిమీద కొట్టి మరీ నేర్పాడు. కార్డు మీద వేలు పెట్టి, కూడబలుక్కుని చదివి, "ఇరవై రెండు గంటలురా! ఈలోపు ఇంకో పెళ్ళి చేసుకుని, విడాకులు కూడా ఇచ్చి రావచ్చు" అంటాడు. మొన్న అడిగాడు: "గంటకెయ్యీ, ఆదివారం ఆదివారం ఆ చిరిగిన పుస్తకంలో ఏం వెతుకుతావురా, పెళ్ళికూతురినా?" నేను నవ్వి ఊరుకున్నాను. ఆయనకేం చెబుతాం? మెగావాటంటే కొత్త రకం గ్రీజు అనుకునే మనిషి.

చెప్పదలుచుకుంటే చెప్పు. కానీ చెప్పాక నాకు నిజం రాయి. ఆయన మొహం ఎలా మాడిందో ఒక్క ముక్క కూడా వదలకుండా.

తమ్ముడు

*

స్టాఫ్ రూము
మార్చి 2

తమ్ముడూ,

చెప్పాను. విన్నారు. "చూస్తాలే" అన్నారు. మొహం మాడలేదు.

ఇక ఈ గొడవ వదిలెయ్యి. పరీక్షలు దగ్గరపడ్డాయి, నాకు ఊపిరాడటం లేదు. వేళకి తిను.

అక్క

*

కార్మికుల షెడ్డు
మార్చి 14

అక్కా,

నీ నోట్లో ఏముందో గానీ యంత్రం క్యాలెండరు చూడలేదు. ఈ ఉదయం ఆవిరి గొట్టంలో చీలిక కనబడింది. పదింటికి రియాక్టరు ఆపేశారు. నెల్లాళ్ళ తర్వాత చెయ్యాల్సిన పనులన్నీ రేపటినుంచే మొదలు. తనిఖీ బృందం రాక వాయిదా. నా ప్రశ్న నా నోట్లోనే.

కార్డు మారలేదు. అదే ఇరవై రెండు, అదే సంతకం. హాల్లోకి వెళ్ళినప్పుడల్లా నా రక్తం మరుగుతోంది, దానికి ఏడున్నర గంటలు కూడా అక్కర్లేదు.

కానీ బావ పనితనం చూడు. మా పని కాగితం ఈ సాయంత్రం వచ్చింది. అయిదో రోజున చల్లబరిచే పంపు ఆపి దాని పక్క వాల్వు మార్చాలి. పంపు ఆపడానికి ఇచ్చిన గడువు ఆరు గంటలు. నిజంగా ఇరవై రెండని నమ్మినవాడైతే పన్నెండో పదహారో ఇచ్చేవాడు కదా? ఆరు ఇచ్చాడంటే ఏడున్నర సంగతి తెలుసన్నమాట. నువ్వు చెప్పింది తలకెక్కింది. లోపల్లోపల దిద్దుకుని, గోడమీది కార్డు మారిస్తే పరువు పోతుందని వదిలేశాడు. ఎంత నీచుడక్కా! నువ్వు వాడితో ఒకే కంచంలో తింటున్నావు.

పోనీలే, ఆరంటే ఏడున్నరలోపే. మరగదు. ఎవరికీ ఏమీ కాదు. తనిఖీ వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు రాకపోరు. అప్పుడడుగుతాను: "తప్పని తెలిసీ కార్డు ఎందుకు ఉంచారండీ బావగారూ?" ఇది ఇంకా రుచిగా ఉంటుంది.

తమ్ముడు

*

ఆస్పత్రి వరండా
మార్చి 21

అక్కా,

మేస్త్రీ కాళ్ళు ఉడికిపోయాయి.

మెత్తగా చెప్పడం నాకు రాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. పందొమ్మిదో తారీకు ఉదయం ఎనిమిదింటికి పంపు ఆపారు. వాల్వు తుప్పుపట్టి మొండికేసింది, అనుకున్నదానికంటే ఆలస్యమైంది. కొత్తది బిగించేసరికి ఒంటిగంట దాటింది. ఆ తర్వాత గొట్టంలో పేరుకున్న చెత్త పోవడానికి తొట్టి నీళ్ళు కాసేపు వదిలి కడగాలి. పని కాగితంలో "గోరువెచ్చని నీరు వచ్చును" అని ఉంది. కార్డు లెక్కన అప్పటికి యాభై డిగ్రీలు. స్నానానికి కాస్త ఎక్కువ, అంతే.

థర్మామీటరు ముప్ఫై అయిదే చూపించింది. ఎందుకు చూపించదు? అది గొట్టంలో ఉంది. పంపు ఆగితే గొట్టంలో నీళ్ళు కదలవు. పంపు ఆపినప్పటి నీళ్ళ వేడే చూపించింది.

మేస్త్రీ కింద గుంటలో దిగి రబ్బరు గొట్టం పట్టుకున్నాడు. ముఖానికి అద్దం, ఒంటికి పల్చటి తెల్ల సూటు, మోకాళ్ళ దాకా గంబూట్లు. పైన వాల్వు తెరిచారు. మొదట చల్లగానే వచ్చాయి. "ఒరే, పన్నీరురా!" అని అరిచాడు. తర్వాత పది లెక్కపెట్టేలోపు తొట్టి నీళ్ళు దిగాయి. ఎనభై రెండు డిగ్రీలు. గొట్టం చేతిలోంచి పాములా ఎగిరి ఆయన మోకాళ్ళకి తగిలింది. గంబూట్లు నిండిపోయాయి. నిండిన బూటు ఊడదక్కా. నిచ్చెన ఎక్కి పైకొచ్చేదాకా ఆయన ఆ నీళ్ళల్లోనే నడిచాడు. మేము బూట్లు కోసి తీస్తే మేజోళ్ళతో పాటు చర్మం వచ్చింది.

ఎడమ పాదం నిన్న తీసేశారు. కుడిది చూడాలంటున్నారు.

ఆరు గంటల్లో మరగదు, నిజమే. మరగకపోతే చాలా? గంటకి ఎనిమిదిన్నర డిగ్రీలు. అయిదున్నర గంటలు. నాలుగో తరగతి గుణకారం. నేనెందుకు కట్టలేదని అడక్కు. కట్టాల్సింది నేనా, జీతం తీసుకునే బావా?

ఇక్కడ అప్పుడే మొదలుపెట్టారు. "మేస్త్రీ చేయిపెట్టి చూసుకోకుండా గొట్టం పట్టాడు, చదువు లేదు కదా" అంటున్నారు. ఈ ఉదయం విచారణ సంఘానికి నా వాంగ్మూలం ఇచ్చేశాను. కార్డు తప్పనీ, అది బావకి తెలుసనీ, మార్చి రెండుకి ముందే మా అక్క చెప్పిందనీ. నీ ఉత్తరం జత చేశాను. "చెప్పాను. విన్నారు. చూస్తాలే అన్నారు." అసలు కాగితమే ఇచ్చాను, నకలు కాదు.

నిన్ను పిలుస్తారు. సిద్ధంగా ఉండు. వాణ్ణి వదలకు.

తమ్ముడు

*

స్టాఫ్ రూము
మార్చి 26

తమ్ముడూ,

నేను ఆయనకి చెప్పలేదు.

ఈ వాక్యం రాయడానికి మూడు రోజులు పట్టింది. ఇప్పుడు చూస్తే మూడు మాటలే.

చెబుదామనే ఆ శుక్రవారం సాయంత్రం గదిలోకి వెళ్ళాను. ఆయన చేతిలో నా ఎనిమిదో తరగతి పాఠం నోట్సు ఉంది. మార్జిన్లన్నీ ఎర్ర సిరా. చివర సున్నా చుట్టి కింద, "పిల్లల మీద జాలేస్తోంది" అని రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించారు. మర్నాడు వాళ్ళ ఆఫీసువాళ్ళు భోజనానికి వచ్చారు. మంచినీళ్ళకి వెళ్ళిన ప్రతివాడూ అది చదివాడు. ఒకాయన నవ్వాపుకోలేక పొలమారాడు. నేను ఆయన వీపు తట్టాను.

ఆ రోజు నాకు నీ ఉత్తరం గుర్తొచ్చింది. కార్డు పక్కన నిలబడి ఆయన చేతులూపుతూ పాఠం చెబుతుంటే, ఒక ఫిట్టరు లేచి అడగడం. అక్కడ నేనుండను. అయినా ఊహించుకున్నాను. వంటింట్లో గిన్నెలు కడుగుతూ పదిసార్లు ఊహించుకున్నాను. ఏప్రిల్ ఇరవై దాకా ఎవరికీ ఏమీ కాదని నువ్వే అన్నావు. అది నాకు అక్కరకొచ్చింది. నిన్ను ఊరుకోబెట్టడానికి చెప్పానని రాశాను.

నాకు సిగ్గు చచ్చిపోయిందన్నావు. లేదురా. ఇద్దరికీ సరిపడా ఉంది. దానికే ఒక మనిషి కాళ్ళు పోయాయి.

ఆ ఆరు గంటలు ఎక్కడివో కూడా విను, నిన్న ఆయన్నే అడిగాను. ఒక షిఫ్టు ఎనిమిది గంటలు, భోజనానికీ బట్టలు మార్చుకోడానికీ రెండు తీసేస్తే ఆరు. అంతే. ఆయన లెక్కలో నీ ఏడున్నర ఎక్కడా లేదు.

నన్ను విచారణకి ఏప్రిల్ తొమ్మిదిన రమ్మన్నారు.

అక్క

*

కార్మికుల షెడ్డు
మార్చి 30

చెప్పానని చెప్పు.

రాసిన అబద్ధమే కదా, నోటితో కూడా చెప్పు. కాగితం వాళ్ళ దగ్గరుంది, నీ చేతిరాత, నీ తారీకు. నువ్వు "అవును, చెప్పాను" అంటే చాలు, వాడి పని అయిపోతుంది. మేస్త్రీ మీద వేసిన నింద పోతుంది. నేను బతుకుతాను. నువ్వు కూడా ఆ ఫ్రిజ్ నుంచి బయటపడతావు.

చెప్పలేదన్నావంటే లోకంలో ఆ కార్డు తప్పని తెలిసినవాళ్ళు ఇద్దరే మిగులుతారు. నువ్వూ, నేనూ. ఆలోచించుకో.

వాడు ఏడాదిపాటు నన్ను నవ్వులపాలు చేసినప్పుడు నీకు నిజం గుర్తురాలేదు. ఇప్పుడు గుర్తు తెచ్చుకోకు.

*

స్టాఫ్ రూము
ఏప్రిల్ 15

తమ్ముడూ,

వెళ్ళొచ్చాను. పొడుగాటి బల్ల, ముగ్గురు మనుషులు: మధ్యలో ఒక పెద్దాయన, ఇటు ఒక డాక్టరమ్మ, అటు ఒక కళ్ళద్దాల ఇంజనీరు. మీ బావ గోడవార కుర్చీలో కూర్చున్నారు. నా ఉత్తరం బల్లమీద ప్లాస్టిక్ కవరులో ఉంది.

"ఇది మీ రాతేనా?"

"నాదే."

"ఇందులో రాసింది జరిగిందా?"

నీ "చెప్పానని చెప్పు" నా నాలుక చివరే ఉంది. నిజంగా ఉందిరా. నోరు తెరిచాను కూడా. అప్పుడు కళ్ళద్దాల ఆయన జాలిగా అన్నాడు: "అమ్మా, మీరు తడబడుతున్నట్టున్నారు. మీ తమ్ముడు ఏదో సాంకేతిక విషయం రాసుంటాడు, మీకు అర్థమై ఉండదు. కంగారులో ఆ ముక్క రాసేసుంటారు. అంతేనా?"

అదొక తలుపు. తీసి పట్టుకున్నాడు, నేను బయటికి నడిచి వెళ్ళిపోవచ్చు. నాతోపాటు నువ్వు కూడానేమో. పక్కనుంచి మీ బావ గొంతు: "ఆమెకి ఇవన్నీ ఏం తెలుస్తాయండీ."

"అర్థమైంది," అన్నాను. "మూడు వేలు వెయ్యాల్సిన చోట వెయ్యి వేశారు. బోర్డు మీద ఉండేది కరెంటు, ఆగాక మిగిలే వేడిని మొత్తం వేడి మీద కట్టాలి. నాకు ఫిబ్రవరిలోనే అర్థమైంది. మా ఆయనకి చెప్పలేదు. ఆయన నలుగురిలో నవ్వులపాలవ్వాలని ఊరుకున్నాను. ఉత్తరంలో అబద్ధం రాశాను."

డాక్టరమ్మ తలెత్తి నన్నొకసారి చూసి మళ్ళీ తలదించుకుంది. పెద్దాయన కాగితాలు తిరగేసి అడిగాడు: "ఆ రోజు పై వాల్వు తిప్పిందెవరో మీకు తెలుసా?"

"తెలియదు. 'తెరిచారు' అని రాశాడు."

"మీ తమ్ముడే."

నాకు రాయలేదేం తమ్ముడూ? ఆరు గంటల గురించి, థర్మామీటరు గురించి, మేజోళ్ళ గురించి అంతా రాశావు. ఆ ఒక్క మాట దగ్గర నీ చేతులకి బదులు ఇంకెవరివో పెట్టావు. సరే. నేను మాత్రం తక్కువ దాచానా?

కారులో వస్తుంటే మీ బావ నన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు. కవరు వెనక పెన్నుతో లెక్క కడుతూ కూర్చున్నారు. సగం దారిలో, "ఏడున్నరే వస్తోంది" అన్నారు. పెన్ను మూతపెట్టి, "ఒక ఫిట్టరుకి ఇది ఎవరు చెప్పుంటారు?" అన్నారు. ఇల్లు చేరేదాకా ఆయనకి పట్టిన దిగులు అదొక్కటే. ఆ మేస్త్రీ పేరు కూడా అడగలేదు.

తీర్పు నీకూ అందే ఉంటుంది. ఆయనది "ఉద్దేశం లేని పొరపాటు", మందలించి వదిలారు. నీది "తెలిసీ తెలియజేయకపోవడం". మేస్త్రీ మీద నింద తీసేశారు, అదొక్కటే నా నిజం వల్ల జరిగిన మేలు. మీ బావ మామూలుగా ఆఫీసుకి వెళ్తున్నారు. నాతో మాట్లాడటం మానేశారు. ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు, నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. ఆ హాయి చూస్తే నామీద నాకే అసహ్యమేస్తోంది.

అక్క

*

బస్సు స్టాండు
ఏప్రిల్ 18

అక్కా,

ఉద్యోగం తీసేశారు. గేటు దగ్గర నా గుర్తింపు కార్డు రెండు ముక్కలు చేశారు. కాపలావాడు లేచి నిలబడలేదు, బిరుదుతో కూడా పిలవలేదు. వెయ్యి కరెంటో, మూడు వేల వేడో, ఇక్కడ నాకంటే బాగా తెలిసినవాడు లేడు. బయట నిలబడ్డాను.

నిన్ను తిడదామనే కాగితం తీశాను. తిట్లు రాలేదు. అవును, వాల్వు తిప్పింది నేనే. "తిప్పురా" అని మేస్త్రీ అరిచాడు, తిప్పాను. "పన్నీరురా" అన్నాక ఇంకో చుట్టు తిప్పాను, ఆయన్ని నవ్వించడానికి. అది విచారణలో కూడా చెప్పలేదు. నీకు చెబుతున్నాను. ఇప్పుడు సమానం.

పొద్దున ఆస్పత్రికి వెళ్ళాను. మూడుసార్లు వెళ్ళి వరండాలోంచే తిరిగొచ్చాను ఇంతకుముందు. ఈసారి లోపలికి వెళ్ళాను. కుడి కాలు ఉంటుందట, వేళ్ళు ఉండవట. దుప్పటి కింద ఎడమ కాలి ఎత్తు ముందే అయిపోయింది. ఆయన భార్య మంచం పక్క బల్లమీద కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. నన్ను చూసి ఒలవడం ఆపలేదు.

"ఎన్ని రోజుల ముందే తెలుసు?" అన్నాడు మేస్త్రీ. విచారణ సంగతి ఆయనకి అప్పటికే చేరింది.

"ముప్ఫై ఎనిమిది."

"రోజూ నా పక్కనే పనిచేశావు కదరా."

"అవును."

"పెద్దసారుకి పోటీగా దాచుకున్నావు, బాగానే ఉంది. మీ అక్కకి రాశావు, బాగానే ఉంది. నాకెందుకు చెప్పలేదు?"

ఏడాదిగా బావని దేనికి అసహ్యించుకున్నానో అదే నా నోట్లోంచి వచ్చింది. "మీకు అర్థం కాదనుకున్నాను మేస్త్రీ" అన్నాను.

ఆయన కోప్పడలేదు. దిండు సరిచేసుకుని, "అయితే ఇప్పుడు చెప్పు. ప్రయత్నిస్తాను" అన్నాడు.

చెప్పాను. పొయ్యిలో పుట్టేది మూడు వేలు మేస్త్రీ, అందులో కరెంటయ్యేది వెయ్యి, బోర్డు మీద రాసేది ఆ వెయ్యే. ఆర్పేశాక నిప్పులో మిగిలే వేడిని మొత్తం మూడు వేల మీద లెక్క కట్టాలి. కార్డు రాసినాయన వెయ్యి మీద కట్టాడు. అందుకని కార్డులో ఎన్ని గంటలుంటే దాన్ని మూడు భాగాలు చేసి ఒక భాగమే నమ్మాలి.

ఆయన వేళ్ళ మీద కట్టుకున్నాడు. "ఇరవై రెండుని మూడు చేస్తే ఏడు, ఏడున్నర. ఎనిమిదింటికి ఆపాం. అంటే ఒకటిన్నరకి దగ్గర దగ్గర మరగబోతున్నాయన్నమాట. గొట్టం పట్టుకునే పనే లేదు. రాత్రంతా పంపు నడిపి మర్నాడు కడుక్కునేవాళ్ళం."

"అవును మేస్త్రీ."

"ఇంతేనా?"

"ఇంతే."

ఆయన గోడవైపు తిరిగాడు. భార్య బత్తాయి తొనలు పళ్ళెంలో పెట్టి, చేతులు తుడుచుకుని, మొదటిసారి నావైపు చూసింది.

"రెండు నిమిషాలు కూడా పట్టలేదయ్యా," అంది.